హూ, హూమ్, విచ్, దట్, హూజ్: ఏది ఎక్కడ వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పిల్లలకూ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకూ ఇంగ్లీషు చెబుతుంటాను. టెన్సులు దాటిన తర్వాత ఎక్కువమంది తడబడేది ఈ చిన్న మాటల దగ్గరే. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఒకచోట పెట్టి జవాబులు రాశాను. ఇంగ్లీషు వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే ఇచ్చాను. వాటిని పైకి చదవండి, చెవికి త్వరగా పట్టుబడతాయి.

తెలుగులో ఒక్క మాటతో అయిపోయేదానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకు?

ఈ ఐదూ చూడండి. నేను రాసిన ఉత్తరం. నేను ఉత్తరం రాసిన పెన్ను. నేను ఉత్తరం రాసిన స్నేహితుడు. నేను ఉత్తరం రాసిన గది. నేను ఉత్తరం రాసిన రోజు.

అన్నిట్లోనూ 'రాసిన' ఒక్కటే. ఉత్తరాన్ని రాశాను, పెన్నుతో రాశాను, స్నేహితుడికి రాశాను, గదిలో రాశాను. ఈ 'ని', 'తో', 'కి', 'లో' అన్నీ 'రాసిన' అనగానే రాలిపోయాయి. పెన్ను అంటే దాంతోనే రాస్తారని, గది అంటే అందులో కూర్చునే రాస్తారని వినేవాళ్లే అర్థం చేసుకుంటారు. మన వ్యాకరణంలో ఇలాంటి రూపాన్ని ధాతుజ విశేషణం అంటారు.

ఇంగ్లీషు ఆ పని వినేవాళ్లకు వదిలిపెట్టదు. 'ద లెటర్ దట్ ఐ రోట్', 'ద పెన్ విత్ విచ్ ఐ రోట్ ద లెటర్', 'ద ఫ్రెండ్ టు హూమ్ ఐ రోట్ ద లెటర్', 'ద రూమ్ వేర్ ఐ రోట్ ద లెటర్', 'ద డే వెన్ ఐ రోట్ ద లెటర్'. మనం రాల్చేసిన సంబంధాన్ని ఇంగ్లీషు ప్రతిసారీ ఒక మాటతో పైకి చెబుతుంది. ఆ మాటే రిలేటివ్ ప్రొనౌన్. వేర్, వెన్‌లను వ్యాకరణ పుస్తకాలు రిలేటివ్ ఆడ్వెర్బులు అంటాయి కానీ పని ఒకటే.

రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చువేసినప్పుడు, రిలేటివ్ ప్రొనౌన్ బదులు ఇలాంటి క్రియారూపం వాడటాన్ని ఈ భాషల ప్రత్యేక లక్షణాల్లో ఒకటిగా చెప్పాడు. కాబట్టి ఇక్కడ తడబడటం తెలివితక్కువతనం కాదు. మన భాషలో లేని గదిలోకి కొత్తగా అడుగుపెడుతున్నాం, అంతే.

సరే, సరైన మాటను పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా?

ఉంది. నేను చెప్పేది ఒక్కటే పద్ధతి, కింది జవాబులన్నీ దాని మీదే నడుస్తాయి. వాక్యాన్ని రెండుగా విడదీయండి. రెండో వాక్యంలో ఆ మనిషికో వస్తువుకో బదులుగా ఏ మాట వచ్చిందో చూడండి. హీ, షీ, దే వస్తే హూ. హిమ్, హర్, దెమ్ వస్తే హూమ్. హిజ్, హర్, దెయిర్ అని 'యొక్క' అర్థంలో వస్తే హూజ్. ఇట్ వస్తే విచ్ లేదా దట్. దేర్ వస్తే వేర్. దెన్ వస్తే వెన్.

హూ, హూమ్ మధ్య తేడా ఎప్పుడూ గుర్తుండదు. ఎలా?

ముందు తెలుగులో చూద్దాం. 'నన్ను పిలిచిన మనిషి', 'నేను పిలిచిన మనిషి'. 'పిలిచిన మనిషి' రెండిట్లోనూ ఉంది. మొదటిదాంట్లో పిలిచింది ఆ మనిషి. రెండోదాంట్లో పిలిచింది నేను. తేడా అంతా 'నన్ను', 'నేను'లోనే ఉంది.

ఇంగ్లీషులో మొదటిది 'ద మ్యాన్ హూ కాల్డ్ మి', ఎందుకంటే హీ కాల్డ్ మి. రెండోది 'ద మ్యాన్ హూమ్ ఐ కాల్డ్', ఎందుకంటే ఐ కాల్డ్ హిమ్.

దీన్నుంచి తెలుగువాళ్లకు ఒక సులువు దొరుకుతుంది. 'పిలిచిన', 'చూసిన', 'ఇచ్చిన' లాంటి మాటకు ముందు నేను, మేము, వాళ్లు, మా నాన్న అంటూ పని చేసినవాళ్లు విడిగా ఉంటే ఇంగ్లీషులో సాధారణంగా హూమ్ చోటు. విడిగా ఎవరూ లేకపోతే ఆ పని చేసింది ఆ మనిషే, కాబట్టి హూ.

ఒక జాగ్రత్త మాత్రం కావాలి. మనం మాట్లాడేటప్పుడు 'నేను', 'మేము' తరచుగా మింగేస్తాం. 'పిలిచిన మనిషి రాలేదు' అంటే మనల్ని పిలిచినాయన రాలేదా, మనం పిలిచినాయన రాలేదా? తెలుగులో సందర్భం చెబుతుంది. ఇంగ్లీషులోకి వెళ్లేముందు మింగేసిన ఆ మాటను బయటికి తీసి, అప్పుడు చూడండి.

ఇప్పుడు హూమ్ ఎవరు వాడుతున్నారు? నేర్చుకోవాల్సిన అవసరం ఉందా?

మాటల్లో బాగా తగ్గిపోయింది. 'ద మ్యాన్ హూ ఐ కాల్డ్' అని ఇంగ్లీషు పుట్టినగడ్డ మీదివాళ్లే అంటారు, లేదా అసలు ఏ మాటా లేకుండా 'ద మ్యాన్ ఐ కాల్డ్' అనేస్తారు. మిత్రులతో, ఆఫీసులో మామూలు మాటల్లో మీరూ అలాగే అనండి. కానీ సరిగ్గా ముందు ప్రిపోజిషన్ ఉన్న చోట హూమ్ ఇంకా గట్టిగానే నిలబడి ఉంది. 'టు హూమ్', 'విత్ హూమ్', 'ఫర్ హూమ్' అనాలి, 'టు హూ' అనకూడదు. పోటీ పరీక్షల్లో తప్పు కనిపెట్టమనే ప్రశ్నలకూ, అఫీషియల్ లెటర్లకూ పాత నియమమే పాటించండి. నా అభిప్రాయంలో నేర్చుకోవాల్సిందే. అది తెలిస్తే వాక్యంలో ఎవరు చేశారు, ఎవరికి జరిగింది అన్నది స్పష్టంగా కనిపిస్తుంది.

'ద మ్యాన్ హూ ఐ థాట్ వజ్ ద మేనేజర్' తప్పు కదా? ఐ ఉంది కాబట్టి హూమ్ రావాలి కదా?

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు పడేది సరిగ్గా ఈ గోతిలోనే. విడదీయండి: 'ఐ థాట్ హీ వజ్ ద మేనేజర్'. హిమ్ రాలేదు, హీ వచ్చింది. కాబట్టి హూ సరైనది. 'ఐ థాట్', 'ఐ బిలీవ్', 'దే సే' లాంటివి మధ్యలో దూరిన మాటలు. వాటి మీద వేలు పెట్టి కప్పేసి చదివితే 'హూ వజ్ ద మేనేజర్' మిగులుతుంది. ఇందాక చెప్పిన సులువు ఇక్కడ పనిచేయదు. అందుకే సులువు కంటే విడదీయడం మీదే ఎక్కువ ఆధారపడమంటాను.

'హూ వర్క్స్ హార్డ్, హీ విల్ విన్' అని రాస్తే టీచర్ కొట్టేశారు. ఎందుకు?

ఎవరైతే కష్టపడతారో వాళ్లు గెలుస్తారు. ఈ వాక్యాన్ని మీరు మాటకు మాట మార్చారు. ఎవరు అంటే హూ కదా అనుకున్నారు. ఇంగ్లీషులో ఇక్కడ 'హూఎవర్ వర్క్స్ హార్డ్ విల్ విన్' అనాలి. కొంచెం పాతకాలపు ధోరణిలో అయితే 'హీ హూ వర్క్స్ హార్డ్ విల్ విన్'. హూఎవర్‌లోనే 'ఎవరైతే', 'వాళ్లు' రెండూ ఉన్నాయి, మళ్లీ హీ అక్కర్లేదు.

హూఎవర్, హూమెవర్ దగ్గర కూడా అదే విడదీత. 'గివ్ ఇట్ టు హూఎవర్ కమ్స్ ఫస్ట్' సరైనది. టు ఉంది కదా అని హూమెవర్ పెట్టకండి, ఎందుకంటే హీ కమ్స్ ఫస్ట్.

విచ్, దట్‌లో ఏది వాడాలి? వర్డ్‌లో టైప్ చేస్తే విచ్ కింద గీత వస్తోంది.

ముందు మీరు చెప్పే సమాచారం ఏ రకమో తేల్చుకోవాలి. ఏ వస్తువో గుర్తుపట్టడానికి ఆ సమాచారం కావాలా, లేక వస్తువు ఏదో ముందే తెలిసి అదనంగా చెబుతున్నారా?

'ద బస్ దట్ గోజ్ టు కర్నూల్ ఈజ్ లేట్.' స్టాండులో చాలా బస్సులున్నాయి, వాటిలో కర్నూలు వెళ్లేది. ఆ మాట తీసేస్తే ఏ బస్సో తెలియదు. ఇక్కడ దట్ వాడతారు, కామా ఉండదు.

'ద గోదావరి, విచ్ రైజెస్ నియర్ నాసిక్, ఫ్లోస్ పాస్ట్ రాజమండ్రి.' గోదావరి ఒక్కటే. నాసిక్ దగ్గర పుట్టిందని చెప్పకపోయినా ఏ నదో తెలుసు. ఇది అదనపు సమాచారం. ఇక్కడ రెండు వైపులా కామా, లోపల విచ్. ఈ చోట దట్ ఎప్పటికీ రాదు. ఇది మాత్రం అన్ని దేశాల ఇంగ్లీషులోనూ గట్టి నియమమే.

గొడవంతా మొదటి రకం దగ్గరే. అక్కడ దట్ బదులు విచ్ వాడొచ్చా? బ్రిటిష్ ఇంగ్లీషులో వాడతారు. అమెరికాలో పత్రికలు, ప్రచురణ సంస్థలు చాలావరకు దట్ మాత్రమే కావాలంటాయి. ఈ విభజనకు బాగా ప్రచారం తెచ్చింది హెచ్. డబ్ల్యూ. ఫౌలర్, 1926లో వచ్చిన తన వాడుక నిఘంటువుతో. విచిత్రం ఏమిటంటే ఆయన ఇంగ్లండువాడు. పైగా, అందరూ ఇలా పాటిస్తే స్పష్టత పెరుగుతుందని అన్నాడే తప్ప రచయితలంతా అప్పటికే పాటిస్తున్నారని అనలేదు. అమెరికా దాన్ని నియమంగా తీసుకుంది.

మన దేశంలో పాతకాలం నుంచీ నడిచేది బ్రిటిష్ పద్ధతి. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధుల్లో 'ద నోబుల్ ఐడియల్స్ విచ్ ఇన్‌స్పైర్డ్ అవర్ నేషనల్ స్ట్రగుల్ ఫర్ ఫ్రీడమ్' అని ఉంది. కామా లేదు, విచ్ ఉంది, అది తప్పు కాదు.

కాబట్టి వర్డ్ గీత గీసిందని టెన్షన్ పడకండి. అమెరికా క్లయింటుకు రాసేటప్పుడు దట్ పెట్టండి. మిగతా చోట్ల రెండూ చెల్లుతాయి. నేనైతే పిల్లలకు దట్ అలవాటు చేయమనే చెబుతాను, రెండు దేశాల్లోనూ ఇబ్బంది ఉండదు.

ఒక్క కామాతో అంత తేడా వస్తుందా?

వస్తుంది, డబ్బు పోయేంత తేడా వస్తుంది. ఒకసారి ఒక ఆఫీసు సర్క్యులర్ చూశాను. అందులో ఉన్న భావం ఇది: 'ద ఎంప్లాయీస్, హూ కేమ్ లేట్, విల్ లూజ్ ఎ డేస్ పే'. రాసినాయన ఉద్దేశం ఆలస్యంగా వచ్చినవాళ్లకు మాత్రమే ఒక రోజు జీతం కోత. కానీ ఆ రెండు కామాల వల్ల ఉద్యోగులందరూ ఆలస్యంగా వచ్చారని, అందరికీ జీతం కోత అని అర్థం వచ్చింది. కామాలు తీసేస్తే ఆలస్యంగా వచ్చినవాళ్లు మాత్రమే మిగులుతారు.

ఇంట్లో మాట తీసుకోండి. 'మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ వరంగల్ ఈజ్ ఎ డాక్టర్' అని కామా లేకుండా రాస్తే మీకు ఒకరికంటే ఎక్కువమంది అన్నదమ్ములున్నారని, వాళ్లలో వరంగల్ ఆయన డాక్టరని అర్థం. 'మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ వరంగల్, ఈజ్ ఎ డాక్టర్' అంటే ఉన్నది ఒక్కడే అని.

తెలుగులో 'వరంగల్‌లో ఉన్న మా తమ్ముడు డాక్టరు' అన్నప్పుడు ఈ తేడా కనిపించదు. అయితే మనకూ ఒక మార్గం ఉంది. 'మా తమ్ముడున్నాడు కదా, వరంగల్‌లో ఉంటాడు, వాడు డాక్టరు' అంటాం. ఆ 'ఉన్నాడు కదా' దగ్గర గొంతు ఆగి మళ్లీ మొదలవుతుంది చూడండి, ఇంగ్లీషులో కామా పెట్టేది అక్కడే. మీ వాక్యాన్ని 'ఉన్నాడు కదా', 'ఉంది కదా' అని తెలుగులో చెప్పగలిగితే కామా పెట్టండి. చెప్పలేకపోతే వద్దు. ఈ పరీక్ష నా విద్యార్థులకు వ్యాకరణ పుస్తకాల నిర్వచనాలన్నిటికంటే బాగా పనికొచ్చింది.

మనుషులకు దట్ వాడితే అమర్యాదా?

కాదు. 'ద గర్ల్ దట్ వన్ ద ప్రైజ్' వ్యాకరణం ప్రకారం సరైనదే. సంబంధం చెప్పే మాటగా హూ కంటే దట్ చాలా పాతది. విచ్‌ను కూడా ఒకప్పుడు మనుషులకూ దేవుడికీ వాడేవారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో పరలోక ప్రార్థన 'అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్' అని మొదలవుతుంది. ఈరోజు మాత్రం మనుషులకు విచ్ వాడితే తప్పు. హూ, దట్‌లలో రాతకు హూ మంచిది. చదివేవాళ్లకు అదే గౌరవంగా అనిపిస్తుంది.

మరి కుక్కకు, పసిబిడ్డకు, కంపెనీకి?

ఇంట్లో పెంచుకునే, పేరున్న కుక్కకు హూ వాడొచ్చు. వీధిలో మొరిగే ఏదో కుక్క అయితే విచ్ లేదా దట్. పసిబిడ్డకు హూ. కంపెనీ, కమిటీ, ప్రభుత్వం అన్నవాటిని ఒక సంస్థగా చూస్తే విచ్ లేదా దట్, వెనక క్రియ ఏకవచనం.

'ఆల్ వాట్ ఐ నో' ఎందుకు తప్పు?

వాట్ అంటేనే 'ఏదైతే ఉందో అది' అని. దాని ముందు ఇంకో నామవాచకం అక్కర్లేదు. 'వాట్ ఐ నో' అనండి, లేదా 'ఆల్ దట్ ఐ నో' అనండి. రెండూ కలపొద్దు. ఆల్, ఎవ్రీథింగ్, నథింగ్, ద ఓన్లీ, ద బెస్ట్ లాంటి వాటి తర్వాత వస్తువుల విషయంలో విచ్ కంటే దట్ సహజంగా ఉంటుంది.

హూజ్ మనుషులకే కదా? ఇంటికి వాడొచ్చా?

నిస్సంకోచంగా వాడొచ్చు. 'కప్పు ఎగిరిపోయిన ఇల్లు' అంటే 'ద హౌస్ హూజ్ రూఫ్ బ్లూ ఆఫ్'. హూ మనుషులది కాబట్టి హూజ్ కూడా వాళ్లదే అనుకుని చాలామంది 'ద రూఫ్ ఆఫ్ విచ్' అని తిప్పలు పడతారు. అదీ సరైనదే కానీ బరువుగా ఉంటుంది. విచ్‌కు సొంతంగా 'యొక్క' రూపం లేదు, హూజ్ రెండిటికీ పనిచేస్తుంది.

తెలుగులో ఈ సంబంధం కూడా కనిపించదు. 'కొడుకు అమెరికాలో ఉన్న పెద్దాయన' అంటాం. కొడుక్కీ పెద్దాయనకీ సంబంధం ఉందని ఒక్క అక్షరం కూడా చెప్పడం లేదు. విడదీస్తే 'హిజ్ సన్ ఈజ్ ఇన్ అమెరికా', కలిపితే 'ద ఓల్డ్ మ్యాన్ హూజ్ సన్ ఈజ్ ఇన్ అమెరికా'.

స్పెల్లింగ్ దగ్గర ఒక మాట. డబ్ల్యూ-హెచ్-ఓ-ఎస్-ఈ అని రాసేది ఇది. ఎస్ ముందు అపాస్ట్రఫీ ఉన్నది 'హూ ఈజ్' లేదా 'హూ హాజ్'కు కుదింపు. చెవికి రెండూ ఒకటే. 'హూ ఈజ్' అని విడదీసి చదివి చూస్తే తేలిపోతుంది.

ఊరి పేరు వస్తే వేర్ పెట్టేయొచ్చా?

వద్దు. చోటు అయినంత మాత్రాన వేర్ రాదు. 'ద విలేజ్ వేర్ ఐ వజ్ బార్న్' సరైనది, ఎందుకంటే ఐ వజ్ బార్న్ దేర్. కానీ 'ద విలేజ్ విచ్ ఐ విజిటెడ్' అనాలి, ఎందుకంటే ఐ విజిటెడ్ ఇట్. అలాగే 'ద డే వెన్ వి మెట్', కానీ 'ద డే దట్ ఐ రిమెంబర్'. 'ద రీజన్ వై' గురించి కొందరు అభ్యంతరం చెబుతారు, కానీ అది చక్కగా చెల్లుతుంది.

'ద పెన్ విచ్ ఐ రైట్' అంటే చాలదా?

చాలదు. తెలుగులో 'తో' రాలిపోయినట్టు ఇంగ్లీషులో విత్ రాలిపోదు. మనవాళ్ల రాతల్లో నేను ఎక్కువగా దిద్దేది ఇదే. 'ద హౌస్ విచ్ ఐ లివ్' అని రాస్తారు, ఇన్ ఉండదు. 'ద కంపెనీ విచ్ ఐ వర్క్' అని రాస్తారు, ఫర్ ఉండదు. ప్రిపోజిషన్ ముందు పెట్టండి: 'ద పెన్ విత్ విచ్ ఐ రైట్'. లేదా చివర పెట్టండి: 'ద పెన్ విచ్ ఐ రైట్ విత్'. ఎక్కడో ఒకచోట ఉండాలి.

చివర పెట్టకూడదని చాలామంది బడిలో నేర్చుకుని ఉంటారు. జాన్ డ్రైడెన్ అనే కవి 1672లో అలా రాయడాన్ని తప్పుపట్టాడు, ఆ మాట బడుల దాకా పాకింది. కానీ చివర పెట్టడం ఇంగ్లీషుకు సహజమే. దట్ వాడితే చివరే పెట్టాలి. 'విత్ దట్ ఐ రైట్' అన్నది లేనేలేదు.

ఈ మాటలను పూర్తిగా తీసేయొచ్చా?

కామా లేని వాక్యంలో, ఆ మాట కర్త కానప్పుడు తీసేయొచ్చు. 'ద బుక్ ఐ బాట్', 'ద మ్యాన్ ఐ కాల్డ్'. కర్త అయితే తీయకూడదు. 'ద మ్యాన్ కాల్డ్ మి ఈజ్ హియర్' అంటే వాక్యం కూలిపోతుంది.

'ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్' అని నోటికి వచ్చేస్తోంది. మానేదెలా?

విచ్ అంటేనే ఆ ఇట్. ఇట్‌ను తీసుకెళ్లి ముందు కూర్చోబెట్టి విచ్ అని పేరు మార్చారు. మళ్లీ చివర ఇట్ పెడితే ఒకే పుస్తకాన్ని రెండుసార్లు కొన్నట్టు. రాసిన తర్వాత హిమ్, ఇట్, దెమ్ మాటలను మాత్రమే వెతుక్కుంటూ ఒకసారి చదవండి, దొరికిపోతాయి.

'షీ ఈజ్ వన్ ఆఫ్ దోజ్ హూ...' తర్వాత వర్కా, వర్క్సా?

వర్క్. హూ అన్నది దోజ్‌కు బదులు వచ్చింది, దోజ్ బహువచనం. 'ద ఓన్లీ వన్ ఆఫ్ దోజ్ హూ' అయితే వర్క్స్, ఎందుకంటే అక్కడ హూ ఆ ఒక్కరిదే. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

'హీ పాస్డ్, విచ్ సర్‌ప్రైజ్డ్ అస్' అన్నచోట విచ్ ఎవరికి?

మనిషికి కాదు, అతను పాసవ్వడం అనే మొత్తం సంగతికి. ముందు కామా తప్పనిసరి. ఇక్కడ దట్ గానీ వాట్ గానీ రావు.

ఇంట్లో కూర్చుని ఎలా సాధన చేయాలి?

తెలుగు పేపరు తీసుకోండి. 'రాసిన', 'రాసే', 'రాయని' లాంటి రూపాలున్న వాక్యం ఒకటి రోజూ ఎంచుకోండి. ఉదాహరణకు 'నిన్న గాలివానకు కూలిన చెట్టును తొలగించిన కూలీలకు డబ్బులివ్వని కాంట్రాక్టరు'. తెలుగులో అసలు మనిషి చివరికి వస్తాడు. ఇంగ్లీషులో ఆయనే ముందు నిలబడతాడు. అందుకని వెనక నుంచి ముందుకు విడదీయండి. కాంట్రాక్టరు డబ్బులివ్వలేదు, హీ, కాబట్టి హూ. కూలీలు చెట్టు తొలగించారు, దే, కాబట్టి మళ్లీ హూ. చెట్టు కూలింది, ఇట్, కాబట్టి దట్. 'ద కాంట్రాక్టర్ హూ డిడ్ నాట్ పే ద వర్కర్స్ హూ రిమూవ్డ్ ద ట్రీ దట్ ఫెల్ ఇన్ ఎస్టర్‌డేస్ స్టార్మ్.' మొదట్లో కాగితం మీద హీ, దే, ఇట్ అని విడిగా రాసుకుని చేయండి. కొన్ని వారాలయ్యాక కాగితం అక్కర్లేకుండానే సరైన మాట నోటికి వస్తుంది.